తీగ తెగితే పొలం మీద బూడిద

పొగగొట్టాల వెనుక ఇనుప పెట్టెల్లో ఏం జరుగుతుంది?

పాల్వంచ: పొగగొట్టం ఎంత ఎత్తుగా ఉంటే చుట్టుపక్కల ఊళ్లకు అంత మేలని చాలామంది అనుకుంటారు. ఎత్తు పెరిగితే బూడిద దూరం పోతుందే తప్ప తగ్గదు. ఈ ఊరి మీద పడనిది పొరుగూరి మీద పడుతుంది. బూడిదను నిజంగా తగ్గించేది పొగగొట్టం కాదు. బాయిలరుకూ పొగగొట్టానికీ మధ్య ఇనుప రేకులతో కట్టిన ఇళ్లంత పెట్టెలు ఉంటాయి. రోడ్డు మీద పోయేవారు వాటిని గోదాములనుకుంటారు. ఇంజనీర్లు వాటిని ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లంటారు. పనివారి నోట అది ఈఎస్‌పీ.

ఆ పెట్టెలో పంకా ఉండదు, జల్లెడ ఉండదు. ఉండేవి వరుసలుగా నిలబెట్టిన ఇనుప పలకలు, వాటి మధ్య వేలాడే వేలాది తీగలు. ఈ రెండింటినీ ఎలక్ట్రోడులంటారు. తీగ ఎంత సన్నంగా ఉండాలి, దానికి ముళ్లు ఉండాలా వద్దా, పలకకు ఎంత ఎడంగా ఉండాలి అన్న ప్రశ్నల మీద నూరేళ్లకు పైగా పరిశోధన జరుగుతూనే ఉంది. ఇది ఇంజనీర్ల గొడవే కదా అని రైతు ఊరుకోవడానికి లేదు. తీగ సరిగా ఉంటే బూడిద తొట్టిలో పడుతుంది. లేకుంటే పత్తి చేను మీద పడుతుంది.

ఆరు దశాబ్దాల పొగ

పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 1966లో నడక మొదలుపెట్టింది. అప్పట్లో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు, తర్వాత 120 మెగావాట్లవి నాలుగు వచ్చాయి. 1997, 98 సంవత్సరాల్లో 250 మెగావాట్ల యూనిట్లు రెండు, 2011లో 500 మెగావాట్లది, 2018 డిసెంబరులో 800 మెగావాట్లది చేరాయి. పాత ఎనిమిది యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి. వాటికి చెందిన ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేశారు.

ఆ టవర్ల నుంచి లేచే తెల్లని మేఘాలను చూసి బూడిదేనని చాలామంది భయపడేవారు. అది నీటి ఆవిరి. వేడెక్కిన నీటిని చల్లార్చేటప్పుడు లేచి కాసేపట్లో గాలిలో కరిగిపోతుంది. బూడిద వచ్చేది సన్నగా నిటారుగా ఉండే పొగగొట్టం నుంచి. అది కరగదు. గాలివాటున సాగి సాగి ఎక్కడో ఒకచోట నేలకు దిగవలసిందే. రామగుండమైనా, ఇబ్రహీంపట్నమైనా, పాల్వంచ అయినా ఈ తేడా ఒక్కటే.

బొగ్గులో బూడిదెంత?

మన దేశపు బొగ్గులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ బూడిద ఉంటుంది. అంటే రెండున్నర బస్తాల బొగ్గు మండితే ఇంచుమించు బస్తా బూడిద మిగులుతుంది. థర్మల్ కేంద్రంలో బొగ్గును గడ్డలుగా కాల్చరు. మిల్లులో ముఖానికి పూసుకునే పౌడరంత మెత్తగా నూరి గాలితో కలిపి బాయిలరులోకి ఊదుతారు. అందుకే పొయ్యిలో బూడిద అడుగున కూర్చున్నట్టు ఇక్కడ కూర్చోదు. ఐదింట ఒక వంతు అడుగుకు జారితే నాలుగు వంతులు పొగతోపాటు ఎగిరిపోతాయి. దీనినే ఫ్లై యాష్ అంటారు.

500 మెగావాట్ల యూనిట్ పూర్తి భారంతో నడిస్తే గంటకు సుమారు 300 టన్నుల బొగ్గు కావాలి. నలభై శాతం లెక్కన 120 టన్నుల బూడిద. అందులో నాలుగు వంతులంటే ఇంచుమించు వంద టన్నులు గంటగంటకూ పొగగొట్టం వైపు పరుగెడుతుంది. వంద టన్నులంటే పది లారీలకు తక్కువ కాదు. దారిలో పట్టే యంత్రమే లేకపోతే చుట్టూ పది ఊళ్ల పొలాలు ఒక పంట కాలంలోనే బూడిద దిబ్బలవుతాయి.

"మా దగ్గర 99 శాతం పట్టేస్తాం" అంటే మాట వినసొంపుగానే ఉంటుంది. వంద టన్నుల్లో ఒక శాతమంటే గంటకు టన్ను బూడిద బయటికి పోయినట్టు. 99.9 శాతం పడితే అది క్వింటాలు మాత్రమే. దశాంశ బిందువు పక్కన ఒక్క తొమ్మిది చేరితే పొలం మీద పడేది పదో వంతుకు తగ్గుతుంది. ఎలక్ట్రోడుల నిర్మాణంలో ఇంజనీర్లు పడే పాట్లన్నీ ఆ చివరి తొమ్మిది కోసమే.

దువ్వెన చెప్పే పాఠం

పొడి తలను ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి చిత్తుకాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకోవడం బడిపిల్లలందరూ చూసినదే. పాత పిక్చర్ ట్యూబు టీవీల అద్దం మీద ఎంత తుడిచినా దుమ్ము చేరడమూ ఇటువంటిదే. విద్యుదావేశం ఉన్నచోటికి దుమ్ము లాగబడుతుంది. ఈఎస్‌పీలో ఇదే పని పెద్ద ఎత్తున సాగుతుంది.

తీగలకు నలభై వేల నుంచి ఎనభై వేల వోల్టుల దాకా ఋణ విద్యుత్తు ఎక్కిస్తారు. మన ఇళ్లలోది 230 వోల్టులే. పైగా ఇంటి కరెంటు క్షణక్షణం దిశ మారుతుంటుంది. ఇక్కడ దానిని ట్రాన్స్‌ఫార్మరుతో పెంచి, రెక్టిఫయరుతో ఒకే దిశకు మళ్లించి తీగలకు ఇస్తారు. పలకలను మాత్రం భూమికి కలుపుతారు. అంత వోల్టేజీకి తీగ చుట్టూ ఉన్న గాలి చిట్లి ఊదారంగు వెలుగు వస్తుంది. దీనిని కరోనా అంటారు. లాటిన్‌లో ఆ మాటకు కిరీటమని అర్థం. 2020లో ప్రపంచాన్ని వణికించిన వైరస్‌కూ కిరీటం లాంటి రూపం వల్లే ఆ పేరు పడింది. రెండింటికీ మరో సంబంధం లేదు.

ఆ వెలుగులో పుట్టిన విద్యుత్ కణాలు పొగలోని బూడిద రేణువులకు అతుక్కుంటాయి. ఆవేశం ఎక్కిన రేణువు తీగకు దూరంగా, పలక వైపుగా నెట్టబడి పలకను అంటుకుంటుంది. పొర కొంత దళసరి అయ్యాక సుత్తితో కొడితే పెళ్లలుగా రాలి కింది తొట్టిలో పడుతుంది. ఆ తొట్టిని హాపరంటారు. ఇంతటితో పని పూర్తి.

ఇదంతా జరగడానికి రేణువుకు వ్యవధి కావాలి. అందుకే గొట్టంలో వడిగా వచ్చిన పొగను ఈఎస్‌పీలోకి రాగానే విశాలమైన గదుల్లోకి విడిచి నెమ్మది చేస్తారు. అక్కడ పొగ వేగం సెకనుకు ఒక మీటరు దరిదాపుల్లో ఉంటుంది. అంటే మనిషి తీరికగా నడిచే నడక. పలకలు ఒక్కొక్కటి పది, పదిహేను మీటర్ల ఎత్తు ఉంటాయి. పెద్ద యూనిట్లలో పలకల రెండు వైపుల వైశాల్యమూ కలిపి కొలిస్తే పదుల ఎకరాలవుతుంది.

మొనలో ఉంది కిటుకు

తీగ సన్నగానే ఎందుకుండాలి? లావుపాటి ఇనుప కడ్డీ పెడితే తెగే బాధే ఉండదు కదా అని ఎవరికైనా తోస్తుంది. ముల్లుకర్ర సంగతి తెలిసిన రైతుకు దీని జవాబు తెలుసు. మొద్దు కర్రతో ఎంత నెట్టినా ఎద్దు కదలదు. కొసకు చిన్న మేకు ఉంటే తగిలీ తగలకముందే అడుగేస్తుంది. నెట్టే బలమంతా ఒక్క మొన మీద చేరడమే కారణం. విద్యుత్తుకూ ఇదే గుణం ఉంది. వంపు ఎంత సన్నగా, ఎంత పదునుగా ఉంటే విద్యుత్ బలం అక్కడ అంతగా పోగుపడి గాలిని చీలుస్తుంది. ఎంత లావు తీగ చుట్టూ ఎంత బలానికి కరోనా మొదలవుతుందో అమెరికా ఇంజనీరు పీక్ 1910ల్లో కొలిచి సూత్రం కట్టాడు. నేటికీ ఇంజనీర్లకు అదే ఆధారం.

కడ్డీ లావైతే కరోనా పుట్టేలోపే తీగకూ పలకకూ మధ్య మెరుపు మెరిసి విద్యుత్తు భూమిలోకి పోతుంది. మరీ సన్నం చేస్తే తీగ నిలవదు. ఈ రెంటి మధ్య దారి వెతకడమే ఎలక్ట్రోడు నిర్మాణం.

నూలు దారం చూపిన దారి

దుమ్మును విద్యుత్తుతో దించవచ్చునని జర్మనీలోని లైప్‌జిగ్‌లో హోల్‌ఫెల్డ్ అనే ఆయన 1824లోనే సీసాలో పొగ పట్టి చూపాడు. 1885లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ఒక సీసపు కార్ఖానాలో దీనిని పెద్ద ఎత్తున ప్రయత్నించారు. శాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్ పరిశోధనలు అందుకు ఆధారం. ఆనాటి విద్యుత్ యంత్రాల బలం చాలలేదు. సీసపు పొగ కూడా మొండిది. ప్రయత్నం విఫలమైంది.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ 1906 నుంచి గంధకామ్లపు పొగమంచు మీద ప్రయోగాలు చేశాడు. ఆయనకూ తీగ దగ్గరే చిక్కు వచ్చింది. బోసి తీగ నుంచి అక్కడక్కడ మాత్రమే విద్యుత్తు కారేది. ఒక సాయంత్రం మసక చీకట్లో ఆయన ఒక వింత గమనించాడు. కరెంటు తెచ్చే తీగల్లో ఒకదానికి నూలు దారం చుట్టి ఉంది. ఆ తీగ పొడవునా ఊదారంగు వెలుగు సమంగా పరుచుకుని ఉంది. నూలుకున్న నూగు వెంట్రుకలే వేల మొనలై విద్యుత్తును సమంగా వదులుతున్నాయి. ఆ గమనికే ఆయన తొలి ఎలక్ట్రోడులకు ప్రాణం పోసింది. 1908లో ఆయనకు పేటెంటు లభించింది. మన పత్తి చేలను బూడిద నుంచి కాపాడే యంత్రానికి తొలి దారి చూపింది నూలు పోగేనన్నమాట.

తర్వాత కాలిఫోర్నియాలోనే రివర్‌సైడ్ వద్ద సిమెంటు కర్మాగారం దుమ్ము నారింజ తోటల మీద పడుతోందని రైతులు గొడవకు దిగారు. వ్యవహారం కర్మాగారం మూతపడేదాకా వచ్చింది. కాట్రెల్ విధానాన్ని 1910ల మొదట్లో అక్కడ అమర్చారు. సిమెంటు బట్టీల వేడికి నూలు నిలవదు. అందుకని ఆయన శిష్యుడు ష్మిట్ సన్నని లోహపు తీగను వాడాడు. వేడి పొగలకు సన్న తీగ ఎలక్ట్రోడు వాడకం అలా పాతుకుంది. రైతుల పట్టుదల ఒక యంత్రానికి రూపు తెచ్చిన సందర్భం ఇది. కాట్రెల్ తన పేటెంట్ల ఆదాయాన్ని సొంతానికి వాడుకోకుండా 1912లో పరిశోధన సంస్థ నెలకొల్పి శాస్త్ర పరిశోధనలకు మళ్లించాడు.

తీగలు ఎన్ని రకాలు?

మొదటి రకం గుండ్రని నున్నని తీగ. రెండు, మూడు మిల్లీమీటర్ల మందం. పైనుంచి వేలాడదీసి కింద బరువు కడతారు. చవక, అమర్చడం సులువు. అయితే ఊగుతుంది, తెగుతుంది.

రెండోది స్ప్రింగులా మెలితిప్పిన తుప్పు పట్టని ఉక్కు తీగ. దానిని గొట్టాల చట్రంలో లాగి బిగిస్తారు. చట్రం ఉండటం వల్ల ఊగదు. మన దేశపు థర్మల్ కేంద్రాల్లో ఈ రకం బాగా వాడకంలో ఉంది. తమిళనాడులోని రాణిపేటలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం దేశంలోని అనేక కేంద్రాలకు ఈఎస్‌పీలు తయారు చేసి ఇస్తోంది.

మూడోది ముళ్ల ఎలక్ట్రోడు. గట్టి గొట్టానికో పట్టీకో రెండు వైపులా ముళ్లు అతుకుతారు. నాగజెముడు మట్టను తలపిస్తుంది. తెగే భయం చాలా తక్కువ. దుమ్ము చిక్కగా వచ్చే మొదటి గదుల్లో ఇది మెరుగ్గా పనిచేస్తుంది. అక్కడ దుమ్ము రేణువులే ఆవేశాన్ని మింగి కరోనాను అణచివేస్తాయి. ముళ్లుంటే ఆ అణచివేతను తట్టుకుని విద్యుత్తు వదులుతుంది. అయితే ముల్లు మొన దగ్గర బలం ఎక్కువ, పక్కన తక్కువ. పలక మీద విద్యుత్తు మచ్చలు మచ్చలుగా పడుతుంది. అందుకని ముల్లు పొడవు, ముళ్ల మధ్య ఎడం లెక్కకట్టి పెట్టాలి.

పలక ఎలక్ట్రోడు మీద కూడా శ్రద్ధ కావాలి. చూడటానికి రేకులాగే ఉన్నా దాని అంచులను, మధ్యను మడతలు పెడతారు. ఆ మడతల నీడలో పొగ నెమ్మదిస్తుంది. రాలిన బూడిద మళ్లీ గాలికి లేవకుండా జారుతుంది. పలకకూ పలకకూ మధ్య ఎడం పూర్వం 250, 300 మిల్లీమీటర్లుండేది. ఇప్పుడు 400 మిల్లీమీటర్లు సాధారణమైంది. ఎడం పెరిగితే వోల్టేజీ పెంచాలి, తీగల సంఖ్య తగ్గుతుంది, మరమ్మతు సులువవుతుంది.

తీగ సరిగ్గా నడిమధ్యన ఉండాలి. పలక వంగినా, తీగ ఒక పక్కకు ఒరిగినా దగ్గరైన చోటే ముందుగా మెరుపు మెరుస్తుంది. దాంతో ఆ గది మొత్తానికీ వోల్టేజీ తగ్గించవలసి వస్తుంది. పది మీటర్ల ఎత్తు పలకలో ఒక్క సెంటీమీటరు తేడా గది మొత్తం పనిని దెబ్బతీస్తుంది. గుంటకలో ఒక్క పలుగు వంగితే సాలంతా చెడినట్టే ఇదీను.

ఒక్క తీగ ఖరీదు

ఈఎస్‌పీని ఒకదాని వెనుక ఒకటిగా గదులుగా విడదీస్తారు. ఒక్కొక్క గదిని ఫీల్డు అంటారు. ప్రతి గదికీ వేరే ట్రాన్స్‌ఫార్మరు. వచ్చిన బూడిదలో ప్రతి గదీ ఇంచుమించు ఒక నిర్ణీత వంతును పడుతుంది. ఈ లెక్కను డాయిష్ అనే శాస్త్రవేత్త 1922లో సూత్రంగా రాశాడు.

సులువు కోసం ఒక్కో గది ఐదింట నాలుగు వంతులు పడుతుందనుకుందాం. వంద టన్నులు వస్తే మొదటి గది దాటేది 20 టన్నులు. రెండోది దాటేది 4 టన్నులు. మూడోది దాటేది 800 కిలోలు. నాలుగోది దాటేది 160 కిలోలు. ఐదోది దాటి పొగగొట్టానికి పోయేది 32 కిలోలు. నిజానికి చివరి గదులకు చేరేది మరీ సన్న రేణువులు గనుక అవి ఇంత బాగా పట్టవు. అయినా పని తీరు మాత్రం ఇదే.

ఇప్పుడు ఒక తీగ తెగింది. తెగిన కొస ఊగి పలకను తాకింది. పలక భూమికి కలిపి ఉంది కాబట్టి కరెంటు భూమిలోకి పోతుంది. ఆ గది మొత్తం ఆగిపోతుంది. మిగిలిన తీగలన్నీ బాగున్నా చచ్చినట్టే. పెద్ద యూనిట్లలో పొగను పక్కపక్కన కొన్ని దారులుగా చీలుస్తారు. నాలుగు దారులున్నాయనుకుంటే ఒక్కో దారి నుంచి 8 కిలోల బూడిద పోవాలి. ఒక దారిలో ఒక్క గది ఆగితే ఆ దారి నుంచి 40 కిలోలు పోతుంది. మిగతా మూడు దారులు 24 కిలోలు. మొత్తం 64 కిలోలు. ఒక్క తీగ తెగి బయటికి పోయే బూడిద రెట్టింపైంది. ఇది ఒక గంట లెక్క. రోజుకు చూస్తే ఏడున్నర క్వింటాళ్లకు పైగా అదనం.

పోనీ వెంటనే మార్చేద్దామంటే కుదరదు. లోపల పొగ వేడి 120 నుంచి 150 డిగ్రీలు. వేల వోల్టుల విద్యుత్తు. మనిషి లోపలికి పోవాలంటే యూనిట్ ఆపాలి, లేదా ఆ దారిని మూసి చల్లార్చాలి, ప్రతి తీగనూ భూమికి కలిపి చూడాలి. అందుకే చాలాసార్లు తెగిన తీగ తర్వాతి మరమ్మతుల విరామం దాకా అలాగే ఉండిపోతుంది. అందాకా ఆ ఊళ్ల మీద బూడిద రాలుతూనే ఉంటుంది.

తీగలు తెగడానికి కారణాలు మూడు. మెరుపులు ఒకేచోట పదేపదే తగిలి తీగ అరిగిపోవడం ఒకటి. తీగలకూ దుమ్ము పడుతుంది గనుక వాటినీ సుత్తులతో కొడతారు. ఏళ్ల తరబడి ఆ దెబ్బలకు లోహం అలసిపోవడం రెండోది. యూనిట్ ఆపి చల్లారినప్పుడు పొగలోని ఆమ్లపు తేమ తీగను తినేయడం మూడోది. ఇవి గాక హాపరులోని బూడిదను ఎప్పటికప్పుడు తీయకపోతే కుప్ప పెరిగి తీగల దాకా వచ్చి, తీగ తెగకుండానే గదిని ఆపేస్తుంది. గాదె నిండినా ధాన్యం పోస్తూనే ఉంటే ఏమవుతుందో ఇక్కడా అదే.

మన బొగ్గుకు మొండితనం

విదేశాల్లో చక్కగా పనిచేసిన యంత్రం మన దగ్గర తడబడటానికి బొగ్గు స్వభావమే కారణం. మన బొగ్గులో గంధకం తక్కువ, సాధారణంగా అర శాతం దరిదాపుల్లో ఉంటుంది. గాలికి ఇది మంచిదే. ఈఎస్‌పీకి మాత్రం చిక్కు. గంధకపు పొగ బూడిద రేణువు మీద పలుచని పూతలా చేరి విద్యుత్తు పారే దారి ఇస్తుంది. అది లేకపోతే పలక మీది బూడిద పొర పింగాణీ లాగా విద్యుత్తును అడ్డుకుంటుంది. ఆవేశం పొర పైనే పోగుపడి చివరికి ఆ పొరే చిట్లి ఎదురు మెరుపులు వస్తాయి. దీనిని బ్యాక్ కరోనా అంటారు. అంటుకున్న బూడిద తిరిగి గాలిలోకి లేస్తుంది. వోల్టేజీ పెంచేకొద్దీ పని మెరుగుపడే బదులు చెడుతుంది.

దీనికి విరుగుళ్లు ఉన్నాయి. పలకల వైశాల్యం పెంచి గదులు ఎక్కువ పెట్టడం మొదటిది. కరెంటును ఎడతెగకుండా కాక ఆపి ఆపి ఇవ్వడం రెండోది. పొగలోకి కొద్దిగా అమ్మోనియా వదలడం మూడోది. విద్యుత్తు పలక మీద సమంగా పడేలా ఎలక్ట్రోడు రూపం మార్చడం నాలుగోది.

సుత్తి దెబ్బకూ లెక్క ఉంది. మరీ తరచుగా కొడితే పలుచని పొర పొడిగా లేచి పొగతో పోతుంది. మరీ ఆలస్యం చేస్తే పొర దళసరై ఎదురు మెరుపులు వస్తాయి. బొంత దులిపే ఇల్లాలికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. పెళ్లగా రాలేటట్టు, తగిన వ్యవధికి, తగిన బలంతో కొట్టాలి.

కంటికి కనబడనిదే ప్రమాదం

ఇంటి అరుగు మీద, ఆకు మీద కనిపించే బూడిద ముతక రకం. ఆకు మీద పొర కడితే వెలుతురు సరిగా సోకదు, ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలు మూసుకుంటాయి. పత్తి తెల్లదనం తగ్గితే ధర తగ్గుతుంది. ఇది కంటికి తెలిసే నష్టం. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. మన వెంట్రుక మందం యాభై, డెబ్బై మైక్రాన్లుంటుంది. రెండున్నర మైక్రాన్ల కన్నా చిన్న రేణువులు ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల లోతుకు దిగుతాయి. ఈఎస్‌పీకి పట్టడం అన్నింటికన్నా కష్టమైనవి మైక్రానులో పదో వంతు నుంచి ఒక మైక్రాను దాకా ఉన్నవి. అంటే యంత్రానికి చిక్కనివే మనిషికి ఎక్కువ చేటు. చివరి గది ఎలక్ట్రోడులు చక్కగా ఉండాలనడానికి ఇదే కారణం.

హద్దులేమిటి?

కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో థర్మల్ కేంద్రాల పొగకు హద్దులు ప్రకటించింది. 2003 ముగిసేలోపు పెట్టిన యూనిట్లకు ఘనమీటరు పొగలో 100 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 2016 దాకా పెట్టినవాటికి 50, 2017 నుంచి పెట్టినవాటికి 30. దీని ప్రకారం పాల్వంచలో 1997, 98 యూనిట్లకు 100, 2011 యూనిట్‌కు 50, 2018 యూనిట్‌కు 30 వర్తిస్తాయి. కొత్త హద్దుల అమలుకు పెట్టిన గడువులను తర్వాత పలుమార్లు పొడిగించారు.

ఈఎస్‌పీలోకి వచ్చే పొగలో ఘనమీటరుకు 50 గ్రాముల బూడిద ఉందనుకుంటే, బయటికి 50 మిల్లీగ్రాములు రావాలంటే వెయ్యింట ఒక వంతే వదలాలి. అంటే 99.9 శాతం పట్టాలి. తీగలన్నీ బాగుంటేనే ఇది సాధ్యం.

కాలుష్యం ఎక్కువగా ఉండే పరిశ్రమలు పొగగొట్టంలో ఎడతెగకుండా కొలిచే మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. ఆ కొలతలు రాత్రింబగళ్లు కాలుష్య మండళ్లకు చేరాలి. రాత్రిళ్లు ఈఎస్‌పీ ఆపేస్తున్నారన్న అనుమానం చాలా ఊళ్లలో వినిపిస్తుంటుంది. దానిని తేల్చగలిగేది ఈ కొలతలే. కంటిని మాత్రమే నమ్మితే పొరబడవచ్చు. చలికాలం తెల్లవారుజామున గాలి పైకి లేవక అదే పొగ కిందికి దిగుతుంది. ఆగిన యూనిట్‌ను మళ్లీ వెలిగించేటప్పుడు మొదట నూనె మండిస్తారు. ఆ నూనె మసికి నిప్పురవ్వ తగిలితే మంటలు లేస్తాయి గనుక అప్పుడు ఈఎస్‌పీకి కరెంటు ఇవ్వరు. ఆ కాసేపు నల్లపొగ తప్పదు. అది గంటల తరబడి, రోజుల తరబడి సాగితే మాత్రం ప్రశ్నించవలసిందే.

పట్టిన బూడిదకూ విలువుంది. 1999లో కేంద్రం జారీ చేసిన ఉత్తర్వుతో బూడిద ఇటుకలకు, సిమెంటుకు వాడకం పెరిగింది. 2021 డిసెంబరు ఉత్తర్వు బూడిదనంతా వినియోగించాలని చెబుతోంది. తొట్టిలో పడితే ఇటుక, గాలిలో కలిస్తే దగ్గు.

రైతులు అడగవలసినవి

కొత్త యూనిట్ పెట్టినా, ఉన్నదానిని పెంచినా జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభలో ఊరివారు ఉద్యోగాలు, నష్టపరిహారం గురించి అడుగుతారు. అది సబబే. వాటితోపాటు మరికొన్ని ప్రశ్నలు వేయడం మేలు. ఈఎస్‌పీలో ఒక్కో దారిలో గదులెన్ని? ఒక గది ఆగినా హద్దు దాటకుండా ఉండేందుకు అదనపు గది ఉందా? తీగ ఏ రకం, తెగే రకమా, గట్టి ముళ్ల రకమా? యంత్రం లెక్క కట్టింది ఎంత బూడిద ఉన్న బొగ్గుకు, రేపు వాడబోయే బొగ్గులో బూడిదెంత? గది ఆగితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు, అందాకా యూనిట్ భారం తగ్గిస్తారా? పొగగొట్టం మీటరు కొలతలు ఊరివారికి కనిపించేటట్టు గేటు దగ్గర బోర్డు పెడతారా?

ఇప్పటికే నడుస్తున్న కేంద్రాల విషయంలో సమాచార హక్కు చట్టం ఉంది. ఏ తేదీన ఏ గది ఆగింది, ఎప్పుడు బాగైంది అన్న వివరాలు కోరవచ్చు. బూడిద పడిన తేదీ, వేళ, గాలివాలు ఎవరికి వారు నోటు పుస్తకంలో రాసుకుంటే కొలతలతో సరిపోల్చుకోవచ్చు. "బూడిద పడుతోంది" అన్న మాటకు జవాబు దాటవేయడం అధికారులకు సులువు. "ఫలానా రోజు మూడో గది ఎందుకు ఆగింది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి.